లిఫ్టు లేని ఊరు

జూన్ 4

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే మోకాళ్ళ గురించి రెండు పేజీలు రాస్తావు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని కంగారుపడకు. ఫోన్‌లో మనిద్దరం రెండో నిమిషానికి అరుచుకుంటాం. పైగా మా ఫ్లాట్ గోడలు పల్చన, మీ మరదలి చెవులు చురుకు.

విషయానికొస్తాను. మీ మరదలికి హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. ఎక్కడికనుకున్నావు? ఇన్ని ఊళ్ళుండగా మీ ఊరి హైస్కూలుకి. ఈ నెలాఖరులోగా వస్తానో రానో రాసివ్వాలట. పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు చెబుతోంది, ఇప్పుడు వద్దంటే మళ్ళీ ఎప్పటి మాటో. ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి "మీరేమంటారు?" అంది. "నీ ఇష్టం" అన్నాను. ఆ మాట అంటే పెళ్ళైన మగవాడు ఎలాగో బతికి బయటపడతాడనుకున్నాను. "నా ఇష్టం సంగతి కాదు, మీరేమంటారని అడిగాను" అంది. "ఆలోచిద్దాం" అన్నాను. అప్పట్నుంచీ ఐదు రోజులుగా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టుకుని తిరుగుతున్నాను.

నాకు రావాలని లేదక్కా. ఇరవై ఏడేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. మీ ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది నీళ్ళ ట్యాంకు. దానికి నిచ్చెన చాలు. ఈ మాట ఆవిడతో అంటే "నా కోసం ఈ మాత్రం చెయ్యలేరా" అంటుంది. అనకపోయినా అన్నట్టు చూస్తుంది, అది ఇంకా కష్టం.

ఇంకో చిక్కు నువ్వూ ఆవిడా. మేం ఈ ఫ్లాట్‌లోకి మారినప్పుడు నువ్వు సాయానికొచ్చి వంటింటి అలమర అంతా సర్దేశావు. నువ్వు కునుకు తీసి లేచేసరికి ఆవిడ మొత్తం తన పద్ధతిలో మళ్ళీ సర్దేసింది. నువ్వు ఒక్క మాట అనకుండా మధ్యాహ్నం బస్సెక్కేశావు. అప్పట్నుంచీ ఎనిమిదేళ్ళుగా మీ మధ్య మాటల్లేవు. నువ్వు "అడిగానని చెప్పు" అంటావు, ఆవిడ "నేనూ అడిగానని చెప్పండి" అంటుంది, మధ్యలో మోసేవాణ్ణి నేను. నిజం చెప్పాలంటే వాటిల్లో సగం నేనే కల్పించాను. మీరిద్దరూ ఒకే ఊళ్ళో ఉంటే నా గతేం కాను?

అందుకని సాయం చెయ్యి. మీ ఊరి లోపాలన్నీ ఒక ఉత్తరంలో రాసి నా ఆఫీసుకు పంపు. దాన్ని మరిచిపోయినట్టు బల్లమీద వదిలేస్తాను. ఆవిడ చదివి తనంతట తానే వద్దంటుంది. ఎవరి మీదా మాట రాదు.

నీ తమ్ముడు
(చిన్నోడా అని పిలవకు. యాభై రెండొచ్చాయి.)

జూన్ 8

ఒరేయ్ చిన్నోడా,

యాభై రెండేళ్ళొచ్చి పెళ్ళాం ఎదురుగా నిలబడి "నాకు ఇష్టం లేదు" అనలేనివాణ్ణి ఇంకేమని పిలవను? నువ్వు అడక్కపోయినా చెబుతున్నాను, మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఈ వారం మా పశువుల ఆసుపత్రిలో ఊపిరాడలేదు. డాక్టరుగారు సెలవు. నేను ఉత్త కాంపౌండర్నని చెబితే గేదెలకు అర్థం కాదు కదా. నిన్న ఒకాయన మేకను పట్టుకొచ్చాడు. వాళ్ళమ్మాయి హోంవర్కు పుస్తకం నమిలేసిందట. మేకకేమైనా అవుతుందని కాదు ఆయన బెంగ. మేకే తిన్నదని స్కూల్లో చూపించడానికి చీటీ రాసిమ్మంటాడు. మేకను పరీక్ష చేసి, రాసిచ్చి, ముద్ర కూడా వేశాను.

అలమర సంగతి నువ్వు ఎత్తకుండా ఉండాల్సింది. పప్పుల డబ్బాలు పై అరలో పెట్టుకునే మనిషిని నేనింతవరకూ చూడలేదు. సరే, పోనీ.

వేరే కాగితం మీద నువ్వడిగింది రాశాను. అబద్ధాలు నాకు చేతకావు, ఉన్నవే రాశాను. మరీ ఘాటుగా వచ్చిందేమో. ఆ పిల్ల బెదిరిపోతుందేమో చూసుకో.

అక్క

(బల్లమీది కాగితం)

తమ్ముడికి, నువ్వడిగావు కాబట్టి మా ఊరి లోపాలు రాస్తున్నాను. దోమలున్నాయి. అయితే సాయంత్రం ఆరున్నరకు వచ్చి ఎనిమిదికల్లా వెళ్ళిపోతాయి, మా ఆఫీసులో ఎవరూ అంత టైము పాటించరు. కరెంటు పోతుంది. పోయినప్పుడు అందరం గుమ్మాల్లోకి వస్తాం, ఊళ్ళో సంగతులన్నీ తెలిసేది అప్పుడే, అందుకని రెండు రోజులు వరసగా పోకపోతే బెంగ పట్టుకుంటుంది. సినిమా హాలు ఒక్కటే. బొమ్మ మధ్యలో ఆగిపోతుంది. ఆపరేటరు బయటికొచ్చి మిగతా కథ చెబుతాడు, బొమ్మకంటే బాగా చెబుతాడు. ఈ ఊళ్ళో ఏ రహస్యమూ దాగదు. మొన్న నేను దగ్గితే సాయంత్రానికల్లా ముగ్గురు మూడు మందులు తెచ్చారు. అందులో ఒకటి గేదెల మందు, వాళ్ళకు నేనిచ్చిందే. రోడ్ల మీద దుమ్ము. కానీ పొద్దు వాలే వేళ ఆ దుమ్ములోంచి పశువులు ఇంటికి వస్తుంటే చూడాలి. హైస్కూలు గోడకు ఈ చివర నుంచి ఆ చివరిదాకా పగులు. పిల్లలు మాత్రం రత్నాలు. లిఫ్టు లేదు. ఇట్లు అక్క.

జూన్ 12

అక్కా,

ఘాటుగా వచ్చిందా! లోపాల జాబితా రాయమంటే పెళ్ళిసంబంధం చెప్పినట్టు రాశావు. అబ్బాయికి కాస్త నత్తి, కానీ పాడితే తెలీదు అన్నట్టుంది.

ఏం జరిగిందో విను. స్కూలు నుంచి వచ్చింది. భుజాన సంచీ ఇంకా దించలేదు, నిలబడే చదివింది. కూర్చుని మళ్ళీ చదివింది. సినిమా ఆపరేటరు దగ్గర పగలబడి నవ్వింది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను, పేపరు తలకిందులుగా ఉందని తర్వాత చూసుకున్నాను. "మీ అక్క ఇంత బాగా రాస్తారని నాకు తెలీదు" అంది. ఎనిమిదేళ్ళలో నీ గురించి నేను కల్పించకుండా ఆవిడ అన్న మొదటి మంచి మాట ఇది. సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. మర్నాడు ఆ కాగితం స్టాఫ్ రూముకు పట్టుకెళ్ళి అందరికీ చదివి వినిపించిందట. డ్రాయింగు టీచరు మీ ఊరికి బదిలీ పెట్టుకోవాలనుకుంటోంది.

నిన్న నాకు పదకొండు అంతస్తుల బిల్డింగు నుంచి ఫోనొచ్చింది. ఆరుకీ ఏడుకీ మధ్య లిఫ్టు ఆగింది, లోపల ఒక పళ్ళ డాక్టరు. రోజూ ఎంతమందికి "భయపడకండి, నొప్పుండదు" అని చెబుతాడో పాపం, లోపల్నించి ఒకటే ఏడుపు. తలుపు సందులోంచి "నేనొచ్చానండీ, మీకేం కాదు" అంటూ పన్నెండు నిమిషాలు మాట్లాడుతూనే పని చేశాను. తలుపు తెరిచేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు. కిందికి దిగి ఇద్దరం టీ తాగేదాకా వదల్లేదు. గ్రీజు చెయ్యండీ అన్నా వినలేదు. అక్కా, ఇన్నేళ్ళూ ఈ పని జీతానికే చేస్తున్నాననుకున్నాను. మీ ఊళ్ళో నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు? గేదెలకు నువ్వున్నావు. పిల్లలకు ఆవిడుంటుంది.

ఇంకొక్కసారి రాయి. ఈసారి 'అయితే', 'కానీ', 'మాత్రం' అనే మాటలు వాడొద్దు. ఒక్క పొగడ్త దొర్లినా ఊరుకోను.

నీ తమ్ముడు

జూన్ 16

తమ్ముడికి,

బాగా ఆలోచించి రాస్తున్నాను. మీరు ఇక్కడికి రావద్దు. ఈ ఊరు మీకు సరిపడదు, మీరు ఈ ఊరికి సరిపడరు. ఇన్నేళ్ళుగా నేనొక్కదాన్నే నా పద్ధతిలో బతుకుతున్నాను. ఒకే ఊళ్ళో ఉంటే రోజూ మొహాలు చూసుకోవాలి, పలకరించుకోవాలి. ఆ ఓపిక నాకు లేదు. రెండేళ్ళకోసారి చుట్టపుచూపుగా వచ్చి వెళితే చాలు. నా మానాన నన్ను వదిలేయండి.

అక్క

జూన్ 19

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరము అందినది. కవరులో ఇంకేమైనా ఉన్నదేమోనని రెండుసార్లు దులిపి చూచితిని. ఏమియు లేదు.

మీ ప్రశాంతతకు భంగము కలిగించు ఉద్దేశము మాకు ఎన్నడును లేదు. ఆ ఉత్తరమును బల్లమీద పెట్టలేదు. చొక్కా జేబులో పెట్టుకొని తిరుగుచున్నాను. మీ మరదలికి చూపుటకు మనసొప్పలేదు. మిమ్మల్ని ఎవరైనా చెడ్డగా అనుకోవడం నాకు గిట్టదు, చివరికి ఆ చెడ్డ మీ చేత్తో మీరే రాసుకున్నా సరే.

ఒక్కటి అడుగుతాను. నేను రానంటున్నాను. నువ్వు రావద్దంటున్నావు. ఇద్దరిదీ ఒకటే మాట. మరి నాకు హాయిగా ఉండాలి కదా? ఉత్తరం అందినప్పట్నుంచీ అన్నం సయించడం లేదెందుకు?

ఇట్లు,
మీ విధేయుడైన తమ్ముడు
(పైన ఒకచోట 'నువ్వు' అని పడినది. 'మీరు' అని చదువుకోగలరు.)

జూన్ 23

ఒరేయ్ గాడిదా,

నన్ను 'మీరు' అంటావా? నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. నాకు 'విధేయుడు' ఎవడురా?

ఆ ఉత్తరంలో ఒక చీటీ పెట్టాను. పెట్టాననుకున్నాను. ఇవాళ నీ ఉత్తరం చూసి ఆసుపత్రంతా వెతికాను. గాలికుంటు టీకా వేసిన గేదెల రిజిస్టరులో ఉంది, యాభై నాలుగో గేదెకీ యాభై ఐదో గేదెకీ మధ్య. ఇదిగో, ఇందులో జత చేస్తున్నాను. దాని మీద ఏముందో నువ్వే చూసుకో. "ఒరేయ్, ఇదంతా ఉత్తిదే. ఇంత బాగా అబద్ధం రాయగలనని నాకే తెలీదు. రాస్తుంటే చెయ్యి ఆడలేదు. నువ్వొస్తే బాగుండును." చదివావా? ఇప్పుడు వెళ్ళి అన్నం తిను.

తిన్నాక మిగతాది చదువు. చెప్పనని మాటిచ్చిన సంగతొకటి చెబుతున్నాను. పోయిన శనివారం నువ్వు రాసే 'మీ మరదలు' కాదు, నా మరదలు ఇక్కడికొచ్చింది. నీతో ఏ పేపర్లు దిద్దాలని చెప్పి వచ్చిందో నాకు తెలీదు.

హైస్కూలు చూసుకుని తిన్నగా ఆసుపత్రికి వచ్చింది. సరిగ్గా అప్పుడే నేనొక గేదెకు సూది వేయబోతున్నాను. దాన్ని తెచ్చినావిడ చెయ్యి విరిగి కట్టుతో ఉంది, తాడు పట్టేవాళ్ళు లేరు. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. తలెత్తకుండానే "అలా చూస్తావేం, వచ్చి తాడు పట్టుకో" అన్నాను. పట్టుకుంది. సూది దిగగానే గేదె బయల్దేరింది. గేదెతోపాటు మీ ఆవిడా బయల్దేరింది. ఆవరణ చుట్టూ ఒకటిన్నర చుట్టు! "వదిలెయ్ అమ్మాయ్, వదిలెయ్!" అని నేనరుస్తుంటే, "పట్టుకోమన్నారు కదా వదినా!" అని అక్కణ్ణించి ఆవిడ. చివరికి నీళ్ళ తొట్టి దగ్గర గేదే జాలిపడి ఆగింది. ఒక చెప్పు ఎటుపోయిందో దొరకలేదు. తొట్టి గట్టు మీద కూర్చుని ఇద్దరం ఎంత నవ్వామంటే, చెయ్యి విరిగినావిడ మాకేదో అయిందనుకుని నీళ్ళు తెచ్చిచ్చింది.

తర్వాత లోపలికొచ్చి నా మందుల అలమర చూసింది. చూసి, చేతులు వెనక్కి కట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడా ఏమీ మరిచిపోలేదని. "సర్దాలనిపిస్తే సర్దుకో" అన్నాను. "ఎందుకు వదినా, ఎక్కడేముందో మీకు తెలుసుగా" అంది. అంతే. ఎనిమిదేళ్ళ కోపం, దానికి అంతకంటే మాటలు పట్టలేదు.

నా చెప్పులు వేసుకుని బస్సెక్కబోతూ ఏమందో తెలుసా? "ఆ కాగితం ఆయనే పెట్టారని నాకు తెలుసు వదినా. ఎగిరిపోకుండా పైన గ్లాసు కూడా పెట్టారు. మరిచిపోయినవాళ్ళు గ్లాసు పెడతారా?" నవ్వబోయాను, ఆవిడ నవ్వడం లేదు. "ఆయనకిష్టం లేదు. ఆ ముక్క నాతో మాత్రం అనరు. రానని రాసిన కాగితం సంచీలో పెట్టుకు తిరుగుతున్నాను. నెలాఖరుదాకా చూస్తాను. నోరు విప్పకపోతే అదే పోస్టు చేసేస్తాను" అంది. "మరి నీకు రావాలనుందా?" అన్నాను. "ఉంది. ఆ గోడ పగులు చూశాక ఇంకా ఉంది" అంది.

ఒరేయ్, ఆవిడ అడిగింది నీ ఒప్పుదల కాదు, నీ మాట. వద్దనైనా అను. నోరు విప్పి అను. నాతో అన్నవన్నీ ఆవిడతో అను. నేను పశువుల కాంపౌండర్ని, మనుషుల రోగాలకు నా దగ్గర మందు లేదు.

అక్క

జూన్ 29

అక్కా,

నీ చీటీ పర్సులో పెట్టుకున్నాను. 'నువ్వు' అనే రాస్తున్నాను, గమనించగలవు.

మాట్లాడాను. నీ ఉత్తరం అందిన సాయంత్రమే. ఎక్కడ మాట్లాడానో చెబితే నవ్వకూడదు. మా బిల్డింగు లిఫ్టులో. ఇద్దరం కూరల సంచులతో ఎక్కాం, రెండుకీ మూడుకీ మధ్య ఆగింది.

"కావాలనే ఆపారా?" అంది.

"ఒట్టు, లేదు."

"తలుపు సరిగ్గా పడటం లేదు, ఒక్కసారి చూడండని నెల రోజులుగా చెబుతున్నాను" అంది. నిజమే, చెబుతూనే ఉంది. ఊరందరి లిఫ్టులూ చూస్తాను, మాది చూడ్డానికి తీరిక లేదు. పనిముట్లు పైన ఇంట్లో ఉన్నాయి. ఆఫీసుకు ఫోన్ చేస్తే, ట్రాఫిక్‌లో ఉన్నాం, నలభై నిమిషాలన్నారు. నేనని తెలిసి వెనకాల ఎవరో నవ్వడం వినిపించింది. ఇన్నేళ్ళలో లిఫ్టు ఆగినప్పుడు నేను లోపల ఉండటం ఇదే మొదటిసారి. లోపల అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదక్కా.

"నాకు రావాలని లేదు" అన్నాను. మూడే మాటలు. నాలుగు వారాలు పట్టింది.

"ఎందుకని?" అంది. అరవలేదు.

"అక్కడ నేనెవర్ని? ఇక్కడ ఫోను మోగిందంటే నా కోసం మోగినట్టు. అక్కడ హెడ్‌మిస్ట్రెస్‌గారి మొగుణ్ణి. సాయంత్రం గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడాలి."

కూరల సంచీ పక్కన పెట్టి కింద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. "నాకూ భయమేనండీ" అంది. "పద్దెనిమిది మంది టీచర్లు. ఏదొచ్చినా అందరూ నా మొహం వంకే చూస్తారు. క్లాసులో లెక్క తప్పితే చెరిపి మళ్ళీ వేస్తాను. అక్కడ చెరపడం కుదరదు. మీరు 'నీ ఇష్టం' అన్నప్పుడల్లా, ఈ భయం నువ్వొక్కదానివే మోసుకో అన్నట్టు వినిపించేది."

ఇరవై రెండేళ్ళుగా ఆ మాటను మర్యాద అనుకుంటున్నానక్కా.

చేతిసంచీలోంచి కాగితం తీసింది. రానని రాసింది, సంతకంతో సహా. "మీ దగ్గరుంచండి. పోస్టు చేస్తారో చింపేస్తారో మీరే చెప్పండి. ఈసారి కూడా నీ ఇష్టమన్నారంటే ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతాను."

"ఎలా వెళతావు? తలుపు రాదుగా" అన్నాను. నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

చింపేశాను. ఎందుకని నువ్వడుగుతావు. నాకూ సరిగ్గా తెలీదు. వద్దన్న మాట లోపలున్నన్నాళ్ళూ కొండంత ఉంది. బయటికొచ్చాక చూస్తే అందులో సగం వద్దు కాదు, ఏం చెయ్యాలో తెలీకపోవడం. మావాళ్ళు వచ్చి తలుపు తీసేసరికి నేల మీద ఇద్దరం, మధ్యలో చిరిగిన కాగితాలు, దొర్లిపోయిన కూరలు. "సార్, గొడవా?" అన్నాడు సూపర్‌వైజరు. "కాదు, ప్రమోషన్" అంది ఆవిడ.

వస్తానని రాసి పంపేసింది. నేను ఆరు నెలలు సెలవు పెట్టాను. నచ్చకపోతే నచ్చలేదని నోటితో చెప్పాలి, అది ఒప్పందం. 'నీ ఇష్టం' అనే మాట ఇంట్లో ఇద్దరికీ నిషేధం. అలవాటు మానలేక నిన్న కాఫీయా టీయా అంటే నీ ఇష్టమన్నాను, ఏదీ దొరకలేదు.

మాకొక ఇల్లు చూడు. నీ పక్కనైతే బాగుంటుంది.

నీ చిన్నోడు

జూలై 6

చిన్నోడా, అమ్మాయ్,

ఇద్దరూ కలిసే చదువుతారు కాబట్టి ఇద్దరికీ రాస్తున్నాను.

ఇల్లు దొరికింది. రెండు గదులు, వంటిల్లు, వెనక కాస్త పెరడు. నీళ్ళు పొద్దున్న ఆరింటికి వస్తాయి. వంటింట్లో అలమర ఖాళీగా ఉంది, నేను దాని వంక కూడా చూడలేదు. ఇంటావిడ "మీ తమ్ముడేం చేస్తారు?" అని అడిగింది. "ఏం చెయ్యాలో తెలుసుకోవడానికే వస్తున్నాడు" అన్నాను. "మా ఆయన కూడా ముప్పై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నాడండీ" అంది. నీకొక స్నేహితుడు దొరికినట్టే.

మా పక్క వాటా ఖాళీగానే ఉంది. తీసుకోలేదు. మీ ఇల్లు రెండు వీధుల అవతల. ముందే చెబుతున్నాను, తర్వాత అపార్థాలొద్దు. మనకు మనకు మాటపట్టింపులు రాకమానవు. కోపమొచ్చినప్పుడు విసవిసా నడిచి వెళ్ళడానికి కొంచెం దూరముండాలి. మరీ ఎక్కువుంటే తిరిగిరావడానికి బద్ధకమేస్తుంది. మీ గుమ్మంలోంచి మా గుమ్మందాకా నిజంగా కోపం తెచ్చుకుని నడిచి చూశాను. పాల దుకాణం దగ్గరకొచ్చేసరికి తగ్గిపోయింది. అక్కణ్ణించి ఎటైనా వెళ్ళొచ్చు.

ఇంకొకటి. రావద్దని రాసిన ఉత్తరం అంతా ఉత్తిదేనన్నాను కదా. అంతా కాదు. ఒక్కదాన్నే ఉండి అలవాటైపోయిందిరా. పొద్దున్నే రేడియో పెట్టుకుని దానితో మాట్లాడతాను. అది తిరిగి జవాబు చెప్పదు, గొడవ లేదు. మీరొస్తే జవాబులు చెబుతారు. అది తలుచుకుని నాలుగు రోజులు నిజంగానే భయమేసింది, భయపడింది నువ్వొక్కడివే కాదు. కానీ మీ ఇల్లు ఖాయం చేసి వచ్చిన పొద్దున, గదులు తుడవాలి, కిటికీ కొలతలు తీసుకోవాలి అనుకుంటూ తిరిగాను. ఆసుపత్రికి బయల్దేరబోతూ చూస్తే రేడియో పెట్టనే లేదు.

మీ సామాన్ల లారీ వచ్చే సోమవారం నాకు పక్క ఊళ్ళో టీకాల క్యాంపు. సాయంత్రానికి గానీ రాను. గుమ్మంలో నిలబడి ఎదురుచూడలేదని మూతి ముడవకండి. మీ ఇంటి తాళం తీసే ఉంచుతాను. వానకు తలుపు ఉబ్బి బిగిసిపోయింది, నెమ్మదిగా నెడితే లోపల ఎవరో గడియ పెట్టుకున్నట్టే ఉంటుంది. ఎవరూ లేరు. మొహమాటపడకుండా ఇద్దరూ కలిసి భుజం ఆనించి గట్టిగా తొయ్యండి.

అక్క